ఒక చెంచా చక్కెర, ఒక వరుస కణాలు
(స్వర్ణోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

వెనక వరుసలో కూర్చున్న మా బ్యాచి వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. అప్పుడూ అక్కడే కూర్చున్నారు, ఇప్పుడూ అక్కడే కూర్చున్నారు.

సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మధుమేహం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. మన పూర్వ విద్యార్థుల్లో ఇంతమంది డాక్టర్లుంటే, తాగునీటి పైపులు వేసే ఇంజనీర్ని నన్నెందుకు అడుగుతున్నారన్నాను. "డాక్టర్లు చెబితే మనవాళ్ళు వింటారుగానీ చెయ్యరు. నీకు వచ్చింది కదా, నువ్వు చెప్పు" అన్నారు. అందుకని రోగిగానే మాట్లాడుతున్నాను. తప్పు చెబితే ముందు వరుసలోని డాక్టర్లు చెయ్యెత్తి ఆపండి.

ఎనిమిదో తరగతిలో మన సైన్సు సార్ నల్లబల్ల మీద ఒక కేశనాళిక బొమ్మ గీశారు. రెండు గీతలు, మధ్యలో ఎర్ర సుద్దముక్కతో రక్తకణాలు. "దీని గోడ మందం ఎంతనుకున్నారు? ఒకే ఒక్క కణం. ఇల్లు కట్టే మేస్త్రీ ఎవడైనా ఇంత పల్చటి గోడ కడతాడా?" అని అడిగారు. మేం నవ్వాం. పరీక్షలో మూడు మార్కులకు ఆ బొమ్మ వేశాను, మార్కులు వచ్చాయి, మరిచిపోయాను. దాదాపు నలభయ్యేళ్ళ తర్వాత ఒక కంటి డాక్టరమ్మ ఆ గోడను మళ్ళీ గుర్తు చేసింది.

సంగతి ఇది. ఆరేళ్ళ కిందట ఆఫీసులో అందరికీ చేసిన రక్తపరీక్షలో పరగడుపున నా షుగర్ 138 వచ్చింది. 126 దాటితే మధుమేహం కిందే లెక్క అని ఆ కాగితం మీదే అచ్చేసి ఉంది. నేను మాత్రం ఇంట్లో "బార్డర్‌లో ఉంది" అని చెప్పాను. ఒంట్లో నొప్పి లేదు, నీరసం లేదు. చికిత్స లేకుండా నాలుగేళ్ళు అలాగే గడిచాయి. రెండేళ్ళ కిందట కళ్ళద్దాలు మార్పించుకోడానికి వెళితే, ఆ డాక్టరమ్మ చుక్కలు వేసి కంటి వెనక పొర చూసింది. "మీకు షుగర్ ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అంది. "నాకు చూపు బాగానే ఉందండీ" అన్నాను. "చూపు బాగున్నప్పుడే రావాలండీ. మీరు కొంచెం ఆలస్యంగా వచ్చారు" అని తెర మీద ఫొటో చూపించింది. సూది మొనతో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు. సన్నటి రక్తనాళాల గోడలు బలహీనపడి ఉబ్బిన చోట్లవి. ఆ వారం చేయించిన హెచ్‌బీఏ1సీ 9.1 వచ్చింది.

నాది పైపుల బుర్ర. పాత ఇనప పైపులు తవ్వి తీస్తే లోపల తుప్పు గడ్డలు కట్టి ఉంటాయి. ఆరంగుళాల పైపులో నీళ్ళు పారే దారి మూడంగుళాలే మిగులుతుంది. చక్కెర కూడా అలాగే రక్తనాళాల్లో పేరుకుంటుందని నేననుకున్నాను. చదవడం మొదలుపెట్టాక నా ఊహ తప్పని తెలిసింది. చక్కెర నాళంలో పేరుకోదు. నాళం గోడే ప్రాణమున్న వస్తువు, చెడేది ఆ గోడే. ఈ ఒక్క తేడా మీకు తెలియజెప్పగలిగితే నా పని అయిపోయినట్టే.

ముందు ఒక చిన్న లెక్క. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. షుగర్ 100 అంటే డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు. గుణిస్తే మొత్తం 5 గ్రాములు. అంటే ఒంట్లోని రక్తమంతటిలో ఏ క్షణాన చూసినా తిరిగే చక్కెర ఒక్క టీ చెంచాడు. షుగర్ 200 అంటే రెండు చెంచాలు. మనం రోజూ తాగే ఇరానీ చాయ్‌లో వేసుకునే దానికీ దీనికీ పోల్చి చూడండి. తిన్నదంతా సర్ది, రక్తంలో ఆ ఒక్క చెంచాడు మాత్రమే ఉండేలా రాత్రింబవళ్ళు చూసుకునే ఏర్పాటు మన ఒంట్లో ఉంది. మధుమేహంలో తప్పేది ఆ ఏర్పాటే.

ఇప్పుడు గోడ సంగతి. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని మొదలు వెంట్రుక కంటే సన్నని కేశనాళిక దాకా, ప్రతి రక్తనాళం లోపలా ఒకే వరుస కణాలు పరుచుకుని ఉంటాయి. ఆ పొర పేరు ఎండోథీలియం. గచ్చు చేసినట్టు ఊరకే పడుండే పొర అనే చాలాకాలం అనుకున్నారు. 1980లో అమెరికాలో ఫర్చ్‌గాట్, జవాడ్‌స్కీ అనే ఇద్దరు కుందేలు రక్తనాళం ముక్కల మీద చేసిన ప్రయోగం ఆ అభిప్రాయాన్ని మార్చింది. ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం తగిలితే, లోపలి పొర చెక్కుచెదరకుండా ఉన్న ముక్క వదులవుతోంది. పనిలో పొరపాటున ఆ పొర రాసుకుపోయిన ముక్క మాత్రం వదులవడం లేదు. అంటే నాళానికి "వదులవ్వు" అని చెబుతున్నది ఆ ఒక్క వరుస కణాలే. ఆ కబురు మోసేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాడ్‌లకు 1998లో నోబెల్ వచ్చింది ఇందుకే.

ఈ కణాలు చేసే పనులు చాలా ఉన్నాయి. నాళాన్ని అవసరాన్ని బట్టి వదులు చేస్తాయి, బిగిస్తాయి. లోపల రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. ఏది గోడ దాటి బయటికి పోవాలో, ఏది పోకూడదో నిర్ణయిస్తాయి. తెల్లరక్తకణాలు అనవసరంగా గోడకు అంటుకోకుండా చూస్తాయి. నాళం వ్యాసం ఎంత ముఖ్యమో మా ఇంజనీర్లకు తెలుసు. అదే ఒత్తిడి దగ్గర సన్నటి గొట్టంలో ప్రవాహం వ్యాసార్థానికి నాలుగో ఘాతంలో మారుతుంది. వ్యాసార్థం 20 శాతం తగ్గితే ప్రవాహం సగం కంటే తక్కువకు, సుమారు 41 శాతానికి పడిపోతుంది. ఇది కాగితం మీద లెక్కే, రక్తం నీళ్ళంత సాదా ద్రవం కాదు. అయినా నాళం కొంచెం వదులవడం, కొంచెం బిగియడం ఎంత పెద్ద విషయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి చక్కెర పెరిగితే ముందుగా ఈ కణాలే ఎందుకు దెబ్బతింటాయి? చక్కెర అన్ని కణాలకూ అందుతుంది కదా?

అశోక్ నగర్‌లో పెరిగిన మనకు దీన్ని హుస్సేన్ సాగర్ నాలాతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. చెరువు నిండి నీళ్ళొదిలితే నాలా పొంగుతుంది. గడప ఎత్తుగా ఉన్న ఇల్లు తప్పించుకుంటుంది. పల్లపు ఇంట్లోకి నాలాలో ఎంత మట్టం ఉందో అంత మట్టం నీళ్ళొస్తాయి. 2000 ఆగస్టు వానలు ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటాయి. కండరాల కణాలు ఎత్తు గడప ఇళ్ళలాంటివి. వాటి తలుపు ప్రధానంగా ఇన్సులిన్ వచ్చి తడితేనే తెరుచుకుంటుంది. రక్తనాళం లోపలి కణాలకు ఆ తలుపు లేదు. వాటిలోకి చక్కెరను తీసుకెళ్ళే గ్లూట్-1 అనే వాహకం ఇన్సులిన్ కోసం చూడదు. బయట చక్కెర పెరిగినప్పుడు చాలా రకాల కణాలు తమలోకి వచ్చే చక్కెరను కొంత తగ్గించుకోగలవు. ఈ కణాలు సరిగా తగ్గించుకోలేవు. బయట రెట్టింపైతే లోపలా పెరిగిపోతుంది. కంటి పొరలో, మూత్రపిండంలో, నరాల్లో ఉన్న కొన్ని కణాల పరిస్థితీ ఇదే. మధుమేహం ముందు కళ్ళను, కిడ్నీలను, కాళ్ళను పట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

లోపలికి వచ్చిన చక్కెర ఏం చేస్తుంది? దీన్ని వివరించిన వాళ్ళలో ముఖ్యుడు మైకేల్ బ్రౌన్‌లీ అనే అమెరికన్ వైద్యుడు. ఆయనకు కూడా చిన్నప్పటి నుంచి టైప్-1 మధుమేహం ఉంది. కణం లోపల చక్కెర మెట్టుమెట్టుగా విరిగి, చివరికి మైటోకాండ్రియాలో ఏటీపీ అనే శక్తి రూపంగా మారుతుంది. ఆ ఏటీపీని తొలిగా గుర్తించిన వాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. చక్కెర మరీ ఎక్కువైతే మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ అనే చురుకైన, హాని చేసే పదార్థం ఎక్కువగా తయారవుతుంది. దాని ప్రభావంతో చక్కెర విరిగే దారి మధ్యలో ఉన్న ఒక ముఖ్యమైన ఎంజైము మందగిస్తుంది. అక్కడ దారి మూసుకుంటుంది.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సిగ్నల్ ఆగిపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. బండ్లన్నీ చిక్కడపల్లి గల్లీల్లోకి, అశోక్ నగర్ సందుల్లోకి తిరుగుతాయి. కణంలోనూ అంతే. పెద్దరోడ్డు మూసుకుంటే, మధ్యలో ఆగిన చక్కెర, దాని ముక్కలు నాలుగు సందుల్లోకి మళ్ళుతాయి.

మొదటి సందులో ఆల్డోస్ రిడక్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది చక్కెరను సార్బిటాల్‌గా మారుస్తుంది. ఆ పనిలో కణం తనను తాను కాపాడుకోడానికి దాచుకున్న సరుకు ఖర్చయిపోతుంది. రెండో సందులో చక్కెర ముక్కలు ప్రొటీన్లకు అతుక్కుంటాయి. ఉస్మానియా బిస్కట్ కాలి గోధుమరంగు తిరుగుతుంది చూశారా, అదే జాతి రసాయన చర్య మన ఒంట్లో నెమ్మదిగా, ఏళ్ళ తరబడి జరుగుతుంది. అలా అతుకులు పడ్డ ప్రొటీన్లతో నాళం గోడ బిరుసెక్కుతుంది. మూడో సందు ప్రొటీన్ కైనేజ్-సి అనే ఎంజైమును రేపుతుంది. దాంతో నాళాన్ని వదులుచేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, బిగించే ఎండోథీలిన్ పెరుగుతుంది, గోడలోంచి కారడం మొదలవుతుంది. నాలుగోది హెక్సోసమైన్ దారి. అందులో తయారైన చక్కెర తునకలు, నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైముకే అతుక్కుని దాని పని చెడగొడతాయి. ఈ చిత్రానికి శాస్త్రజ్ఞులు ఇంకా మార్పులు చేర్పులు చేస్తూనే ఉన్నారు. కానీ చక్కెర పెరిగినప్పుడు గోడ కణం లోపలి నుంచే దెబ్బతింటుందన్న మాట నిలబడింది.

మొదటి సందు గురించి మన ఊళ్ళోనే గట్టి పని జరిగింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మీకు తెలుసు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. అక్కడ భానుప్రకాశ్ రెడ్డిగారి బృందం ఆల్డోస్ రిడక్టేజ్ మీద, చక్కెర ప్రొటీన్లకు అతుక్కోవడం మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. మధుమేహం ఉన్న ఎలుకలకు మేతలో కొద్దిగా పసుపు, కర్‌క్యుమిన్ కలిపి పెడితే కంటి శుక్లం ఆలస్యమైందని 2005లో ప్రచురించారు. ఇది విని రేపటి నుంచి మందు మానేసి పసుపు నీళ్ళు తాగకండి. అది ఎలుకల కంటి కటకం మీద చేసిన ప్రయోగం. ఆల్డోస్ రిడక్టేజ్‌ను ఆపే మందులు మనుషుల్లో చాలావరకు నిరాశపరిచాయి. నరాల బాధకు ఒకటి జపాన్‌లోనూ మన దేశంలోనూ వాడుకలో ఉంది.

గోడ కణం చెడితే ఒంట్లో ఏమవుతుంది? కంటిలో కేశనాళికలను బయటి నుంచి పట్టుకుని ఉండే పెరిసైట్లనే కణాలు ముందుగా రాలిపోతాయి. ఆసరా పోయిన చోట గోడ ఉబ్బుతుంది. నేను తెర మీద చూసిన ఎర్ర చుక్కలు అవే. తర్వాత కారడం, మూసుకుపోవడం, ఆ పైన పనికిరాని కొత్త నాళాలు మొలిచి చిట్లడం. కిడ్నీలో జల్లెడ పాడై, మూత్రంలోకి అల్బుమిన్ అనే ప్రొటీన్ జారుతుంది. గుండె ధమనుల్లో కొవ్వు చేరడానికి దారి ఏర్పడుతుంది. కాళ్ళల్లో నరాలకు రక్తం తీసుకెళ్ళే సన్నని నాళాలు దెబ్బతిని, నరాలు మొద్దుబారతాయి.

ఈ చివరి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. మా బ్యాచి కబడ్డీ కెప్టెన్ ఇవాళ రాలేదు. వాడు ఒప్పుకున్నాకే చెబుతున్నాను, పేరు చెప్పను. పోయిన ఏడు చెప్పులో మేకు దిగింది. వాడికి తెలియలేదు. రోజంతా అదే చెప్పుతో తిరిగాడు. సాయంత్రం ఇంట్లో గచ్చు మీద రక్తపు మరకలు చూసి వాళ్ళమ్మాయి అడిగితే అప్పుడు కాలు చూసుకున్నాడు. పుండు మానలేదు. రెండు వేళ్ళు తీసేశారు. నేను చూడ్డానికి వెళితే, "నొప్పి పుడితే మొదటి రోజే పరుగెత్తేవాణ్ణి రా" అన్నాడు. మన ముందున్న ప్రమాదం అంతా ఆ మాటలోనే ఉంది. ఈ జబ్బు నొప్పితో మొదలవదు. నొప్పి తెలిపే తీగనే ముందు తెంపేస్తుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయం చెబుతాను. అమెరికా, కెనడాల్లో టైప్-1 మధుమేహం ఉన్న 1,441 మందితో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఒక గుంపు షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టారు, రెండో గుంపుకు ఆ రోజుల్లో మామూలుగా ఇచ్చే చికిత్స ఇచ్చారు. సగటున ఆరున్నరేళ్ళు చూశారు. 1993లో ఫలితం వచ్చింది. మొదట్లో కంటి జబ్బు లేనివాళ్ళలో, గట్టి అదుపు వల్ల అది వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. అధ్యయనం అయిపోయాక అందరికీ మంచి చికిత్సే అందింది, రెండు గుంపుల షుగర్ దాదాపు సమానమైంది. అయినా మొదట్లో అదుపు లేని గుంపుకు తర్వాతి ఏళ్ళల్లోనూ ఎక్కువ నష్టం జరుగుతూనే పోయింది. మనలాంటి టైప్-2 వాళ్ళ మీద బ్రిటన్‌లో చేసిన అధ్యయనంలోనూ, పదేళ్ళ తర్వాత 2008లో ఇలాంటి సంగతే తేలింది.

దీనికి 'మెటబాలిక్ మెమరీ' అని పేరు పెట్టారు. గోడ కణాలు పాత చక్కెరను గుర్తుంచుకుంటాయి. 2008లోనే ఇంకో ప్రయోగంలో రక్తనాళపు కణాలను 16 గంటలపాటు ఎక్కువ చక్కెరలో ఉంచి, మళ్ళీ మామూలు చక్కెరలోకి మార్చారు. కణాల జన్యువుల పైన పడిన గుర్తులు, వాపును రేపే జన్యువుల చురుకు ఆ తర్వాత కూడా రోజుల తరబడి మిగిలాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను "బార్డర్" అంటూ గడిపిన ఆ నాలుగేళ్ళు నా కణాల లెక్కలో ఉన్నాయి. ఇవాళ నా హెచ్‌బీఏ1సీ 6.8. సంతోషమే. కానీ ఆ నాలుగేళ్ళు పూర్తిగా తిరిగిరావు. ఇవాళ ఈ హాల్లో "నాకు కొంచెమే" అనుకుంటున్న వాళ్ళ దగ్గర ఆ ఏళ్ళు ఇంకా ఉన్నాయి. నేను ఇక్కడికి వచ్చింది వాళ్ళ కోసమే.

అలాగని షుగర్ ఎంత తగ్గితే అంత మంచిదనీ కాదు. గుండెకు ముప్పు ఎక్కువున్న టైప్-2 రోగుల్లో హెచ్‌బీఏ1సీని 6 కంటే కిందికి దింపాలని చూసిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో ఆ గట్టి చికిత్సను, మరణాలు పెరిగాయని 2008లో మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. పెద్దవయసు వాళ్ళకు షుగర్ పడిపోవడం కూడా ప్రమాదమే. మన గురువులకు నా మనవి: మీ లక్ష్యం ఎంతో మీ డాక్టరు చెప్పాలి, పక్కింటాయన కాదు.

మన దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి మధుమేహం ఉందని, ఇంకా 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. ఆ లెక్కను బట్టి చూస్తే ఈ హాల్లో ఎంతమందో మీరే ఊహించుకోండి.

ఏం చెయ్యాలి? ఇంజనీర్ని కాబట్టి తనిఖీల వరుసలోనే చెబుతాను. షుగర్ ఉన్న ప్రతివాళ్ళూ ఏడాదికొకసారి కంట్లో చుక్కలు వేయించుకుని వెనక పొర చూపించుకోవాలి. అద్దాల నంబరు చూడటం, ఇది ఒకటి కాదు. మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆస్పత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ ఉంది. ఏడాదికొకసారి మూత్రంలో అల్బుమిన్ పరీక్ష. డాక్టరు చెప్పినట్టు మూడు నుంచి ఆరు నెలలకొకసారి హెచ్‌బీఏ1సీ. అది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అతుక్కున్న చక్కెర లెక్క. ఆ కణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి కాబట్టి, రెండు మూడు నెలల జాతకం అందులో ఉంటుంది. పరీక్షకు ముందు రెండు రోజులు పస్తుండి దాన్ని మోసం చెయ్యలేం. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి, అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకుని. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్టు కూడా దెబ్బకొట్టేది ఈ గోడనే, కాబట్టి షుగర్ ఒక్కటే చూసి ఊరుకోకూడదు.

ఇక నడక. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ వచ్చి తట్టకపోయినా దాని తలుపు తెరుచుకుంటుంది, చక్కెర లోపలికి పోతుంది. భోజనం చేశాక పావుగంట నడిస్తే, ఆ పెరిగే చక్కెరను గోడ కణాల మీద పడకుండా కాళ్ళు కొంత తీసుకుంటాయి. పొద్దున ఇందిరా పార్కులో నడిచి, బయటికి రాగానే రెండు మైసూరు బజ్జీల ప్లేట్లు లాగించే మావాళ్ళు ఎవరో నాకు తెలుసు. పేర్లు చెప్పను.

మన సైన్సు సార్ ఇవాళ ఇక్కడే ఉన్నారు. సార్, ఆ రోజు మీరడిగిన ప్రశ్నకు మేం నవ్వాం, జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. అంత పల్చటి గోడ ఏ మేస్త్రీ కట్టడు. ఎందుకంటే దాన్ని రోజూ చూసుకునే ఓపిక ఇంటివాళ్ళకుండాలి.

భోజనాల పక్కనున్న ఆరో తరగతి గదిలో మన డాక్టరు మిత్రులు షుగర్ పరీక్ష, పాదాల పరీక్ష పెట్టారు. భోజనాల్లో డబుల్ కా మీఠా ఉందని విన్నాను. ముందు ఆ గదికి, తర్వాత ఈ గదికి వెళ్ళండి.